గుంత ఎవరిది, నీళ్లు ఎవరివి?

ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు అయిపోయాక పంపులు ఆపేస్తారు. ఆ రోజు నుంచే గుంతలో నీళ్లు చేరడం మొదలవుతుంది. పైనుంచి వాన నీరు, పక్కల నుంచి ఇసుకరాయి పొరల్లోని ఊట. కొన్నేళ్లకు అక్కడ పెద్ద మడుగు నిలుస్తుంది. సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఇప్పుడు ఓపెన్‌కాస్టుల నుంచే వస్తోంది కాబట్టి గోదావరి లోయలో ఇలాంటి మడుగులు ముందుముందు ఇంకా పెరుగుతాయి. వాటిని ఏం చేయాలన్న ఆలోచనలు కూడా మొదలయ్యాయి. మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో 500 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీ (నీళ్లు పైకి ఎత్తి, తర్వాత కిందికి విడిచి కరెంటు తీసే ప్లాంటు) కట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. జైపూర్ థర్మల్ కేంద్రం రిజర్వాయర్ మీద సోలార్ ప్యానెళ్లు ఇప్పటికే తేలుతున్నాయి. మరి పాత గుంతల నీళ్ల మీద కూడా ప్యానెళ్లు వేయొచ్చు కదా?

ఈ ప్రశ్న మీద ఇద్దరు వాదించుకుంటున్నారు. ఒకరు గని సర్వే విభాగంలో పనిచేసి రిటైరైన చిన్నాయిన. ఇంకొకరు ఆయన అన్న కూతురు, డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతుంది. ఇద్దరూ నేను కల్పించినవాళ్లే. వాళ్ల వాదనలు మాత్రం కల్పన కాదు.

చిన్నాయిన: గుంతల మీద సోలార్ అంటే నీకెందుకు బిడ్డా అంత కోపం? బొగ్గు తీసినన్ని రోజులు దుమ్మన్నరు, బ్లాస్టింగుకు గోడలు పగిలినయన్నరు. నిజమే. ఇప్పుడు దుమ్ము లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. కొత్తగ ఎవని ఎకరం గుంజుకునేది గూడ లేదు. అదే ప్లాంటు నేల మీద పెట్టాలంటే మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలె. ఎవని పొలం అడుగుతవ్? గుంత ఉత్తగనే ఉన్నది.

బిడ్డ: ఆ ‘ఉత్తగనే ఉన్నది’ అన్న కాడనే నాకు తకరారు, చిన్నాయినా. ఆ గుంత ఆకాశం నుంచి పడ్డదా? ఊళ్లు లేపిండ్రు, పొలాలు తీసుకున్నరు, వాగులు మళ్లిచ్చిండ్రు, అప్పుడు వచ్చింది. గని నడిచినంత కాలం రాత్రింబగళ్లు నీళ్లు తోడితే చుట్టుపక్కల ఊళ్ల బావుల మట్టం దిగుతది. ఇప్పుడు తోడుడు ఆగింది, ఆ నీళ్లే మళ్ల గుంతలకు వస్తున్నయి. అంటే ఊరి భూమిల ఊరి నీళ్లు. వాటిని ఉత్తగున్న జాగ అని ఎట్ల అంటవ్?

చిన్నాయిన: భూమికి పైసలు కట్టిండ్రు గదా. కాగితం మీద ఇప్పుడది కంపెనీది.

బిడ్డ: బొగ్గు కోసం కట్టిండ్రు. బొగ్గు అయిపోయినంక ఏం చెయ్యాలెనో గూడ కాగితం ఉన్నది. 2009ల బొగ్గు శాఖ గనుల మూసివేతకు మార్గదర్శకాలు తెచ్చింది. ప్రతి గనికి మూసివేత ప్రణాళిక ఉండాలె, దానికోసం ఏటేటా ఎస్క్రో ఖాతాల, అంటే ఆ పనికే విడిగ పెట్టిన ఖాతాల, పైసలు వెయ్యాలె. అప్పటి లెక్కల ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు. ఎందుకు పెట్టిండ్రు ఆ పైసలు? నేలను మళ్ల మనుషులకు పనికొచ్చేటట్టు చేసి అప్పజెప్పుతందుకు. ఆ పని అయ్యిందో లేదో ఊరికి చెప్పకుండ, ఇంకొక వ్యాపారం తెచ్చి దాని మీద పెట్టుడు మూసివేత ఎట్లయితది?

చిన్నాయిన: కరెంటు వ్యాపారం అనకు. కరెంటు అందరికీ కావాలె. రామగుండంల ఎన్టీపీసీ రిజర్వాయర్ చూసినవా? 500 ఎకరాల నీళ్ల మీద 100 మెగావాట్లు. 2022 జూలైల పూర్తిగ నడుపుడు షురూ చేసిండ్రు. 423 కోట్లు పెట్టిండ్రు. 40 బ్లాకులు, ఒక్కో బ్లాకు రెండున్నర మెగావాట్లు, ఒక్కోదాంట్ల 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు అన్నీ నీళ్ల మీదనే తేలే అరుగు మీద ఉంటయి. ఏడాదికి లక్షా 65 వేల టన్నుల బొగ్గు మిగులుతదని వాళ్ల లెక్క. నా సర్వీసంత బొగ్గు లెక్కలే రాసినోణ్ణి. ఒక టన్ను బొగ్గు తియ్యాలంటే ఎన్ని టన్నుల మట్టి ఎత్తాలెనో, ఆ మట్టి గుట్టలు ఎన్ని ఎకరాలను మింగుతయో నాకు తెలుసు. ఆ బొగ్గు తియ్యకుండ కరెంటు వస్తదంటే నేనెందుకు వద్దంట?

బిడ్డ: నేను గూడ కరెంటు వద్దంటలేను. అదే ఎన్టీపీసీ లెక్కల ఇంకొకటి ఉన్నది, దాన్ని అందరు చిలుక పలుకు లెక్క చెప్తరు. ఏడాదికి 32 లక్షల 50 వేల ఘనపు మీటర్ల నీళ్లు ఆవిరి కాకుండ ఆగుతయట. నేను కూసొని భాగారం చేసిన. 500 ఎకరాలంటే 20 లక్షల చదరపు మీటర్ల పైన. భాగిస్తే 1.6 మీటర్లు వచ్చింది. మన కాడ ఏడాదికి మొత్తం ఆవిరయ్యేదే ఇంచుమించు అంత. అంటే 500 ఎకరాల మీద ఒక్క చుక్క గూడ ఆవిరి కాదు అని లెక్క కట్టిండ్రన్నట్టు. ప్యానెళ్లు ఎంత జాగ కప్పుతయి? 40ని 11,200తో గుణిస్తే 4 లక్షల 48 వేలు. ఒక్కోటి రెండు చదరపు మీటర్లనుకో, 9 లక్షల చదరపు మీటర్లు. సగం గూడ కాదు. మిగతా సగం మీద ఎండ పడుతనే ఉంటది. ప్యానెళ్ల సందులకెళ్లి గాలి ఆడుతనే ఉంటది.

చిన్నాయిన: సరే, సగమే ఆగనియ్యి. సగం తక్కువనా? పదహారు లక్షల ఘనపు మీటర్లు.

బిడ్డ: తక్కువ కాదు. కానీ లెక్క చెప్పేటప్పుడు సగమని చెప్పాలె గదా. ఇంకొకటి. ఆ రిజర్వాయర్ల నీళ్లు ఎన్టీపీసీకే కావాలె, మిగిలితే దాని పనికే వస్తయి. గుంతల మిగిలిన నీళ్లు ఎవరు వాడుకుంటరు? పొలాలకు పైపు ఏస్తరా? ఎయ్యకపోతే ఆవిరి ఆగిందని మురిసి ఏం లాభం?

చిన్నాయిన: పైపు ఎయ్యమని అడుగుదాం. అది సోలార్ తప్పు కాదు. నీళ్ల మీద పెడితే ఇంకో లాభం ఉన్నది. ప్యానెల్ వేడెక్కితే కరెంటు తగ్గుతది. 25 డిగ్రీలు దాటినంక ఒక్కో డిగ్రీకి నూటికి ముప్పై, నలభై పైసలంత పడిపోతది. మే నెలల మన రామగుండం ఎండ సంగతి నీకు చెప్పాల్నా? నేల మీద ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతది. నీళ్ల మీద గాలికి కొంత చల్లగుంటది.

బిడ్డ: ఆ లాభం నేను కాదనను. ఎంత లాభమన్నది జాగను బట్టి, కట్టిన తీరును బట్టి మారుతది. గుంత కింద నీళ్ల సంగతి చెప్త విను. చెరువు లోతు రెండు మూడు మీటర్లుంటది. గుంత లోతు పదుల మీటర్లు. ఎండాకాలం పైనీళ్లు వేడెక్కి తేలికై పైన్నే ఉంటయి, కింది నీళ్లు చల్లగ బరువుగ కిందనే ఉండిపోతయి. రెండు కలువయి. అడుక్కు ప్రాణవాయువు అందదు. గాలికి అలలు లేస్తేనే, చలికాలం పైనీళ్లు చల్లబడితేనే కొంత కలుస్తయి. ఇప్పుడు పైన ప్యానెళ్లు పరిస్తే గాలి తగలదు, వెలుగు దిగదు. అమెరికాల కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు చిన్న కుంటల మీద 70 శాతం కప్పి చూసిండ్రు. నీళ్లల్ల ప్రాణవాయువు పడిపోయింది, మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి దాదాపు 27 శాతం ఎక్కువ బయటికొచ్చినయి.

చిన్నాయిన: చిన్న కుంటలు, 70 శాతం. గుంతల అంత ఎవరు కప్పుతరు?

బిడ్డ: ఎంత కప్పొచ్చో మన కాడ రాసి ఉంటే నేను ఈ మాట అడగకపోదును. జర్మనీల రాసి పెట్టుకున్నరు. అక్కడి నీటి చట్టం ప్రకారం తేలే సోలార్ మనిషి చేసిన నీటివనరుల మీదనో, మనిషి బాగ మార్చిన వాటి మీదనో మాత్రమే పెట్టాలె. నీటి పైభాగంల 15 శాతం మించొద్దు. ఒడ్డు నుంచి 40 మీటర్లు విడిచిపెట్టాలె. కాట్‌బుస్ కాడ 2015ల లిగ్నైట్ గని మూసిండ్రు, 2019ల నీళ్లు నింపుడు మొదలుపెట్టిండ్రు. దాదాపు 1,900 హెక్టార్ల సరస్సు. దాని మీద ప్లాన్ చేసిన సోలార్ 29 మెగావాట్లు, సరస్సుల ఒక్క శాతం గూడ కప్పదు. మిగతాదంత పడవలకు, ఈతకు, పక్షులకు.

చిన్నాయిన: జర్మనీ ముచ్చట వేరే. వాళ్లకు సుఖంగుంది, సరదాగ పడవలు నడుపుకుంటరు. చైనా చూడు. హువాయ్‌నాన్‌ల కింద గనులు తవ్వితే పైన నేల కుంగి ఊళ్లు నీళ్లల్ల మునిగినయి. ఆ నీళ్ల మీద 2017ల 40 మెగావాట్లు పెట్టిండ్రు. అప్పటికి ప్రపంచంల పెద్దదన్నరు. ఇంకేమి చెయ్యరాని జాగ నుంచి కరెంటు తీసిండ్రు. మనం గూడ అట్లాంటి జాగల ఉన్నోళ్లమే.

బిడ్డ: ‘ఇంకేమి చెయ్యరాని జాగ’ అని నువ్వే తీర్పు ఇస్తున్నవ్. జార్ఖండ్ రాంగఢ్ జిల్లాల మూసేసిన బొగ్గు గుంతలల్ల కేజ్‌లు పెట్టి చేపలు పెంచుతున్నరు. స్థానికులే సంఘం పెట్టుకొని చేస్తున్నరు. మన కాడ చెరువుంటే మత్స్య సహకార సంఘానికి హక్కు ఉంటది, సర్కారు చేప పిల్లలు పోస్తది. గుంతల ఎవరు వల వేసినా దొంగతనమే అయితది. అందుకే అది ఖాళీగ కనబడుతది. నర్మద మీద ఓంకారేశ్వర్ రిజర్వాయర్ల సోలార్ పెట్టేటప్పుడు అక్కడ చేపలు పట్టేటోళ్లు మా బతుకేంగావాలె అని అడ్డం తిరిగిండ్రు. హక్కు ఉన్న కాడనే అట్లయితే, హక్కు రాసి లేని కాడ అడిగేటోడెవడు?

చిన్నాయిన: చేపలు పెంచుదాం, సోలార్ పెడదాం. రెండు ఎందుకు కావు? ఒక మూలకు ప్యానెళ్లు, ఒక మూలకు కేజ్‌లు. అసలు భయం నీకున్నది కాదు బిడ్డా, నాకున్నది వేరే. నువ్వు నీళ్ల కింద ప్రాణవాయువు సంగతి చెప్పినవ్. నేను నీళ్ల పక్కనున్న గోడ సంగతి చెప్త.

బిడ్డ: చెప్పు.

చిన్నాయిన: హైవాల్ అంటే బెంచీలు బెంచీలుగ కోసిన గోడ. గని నడిచినప్పుడు మేం రోజు చూసేటోళ్లం. అంచుకు సమాంతరంగ నేల మీద సన్నటి పగులు వస్తది, దారమంత. గడ్డి కింద దాక్కుంటది. దాని రెండు దిక్కుల మేకులు కొట్టి కొలిచేది. రెండు మేకుల నడుమ దూరం కొద్దికొద్దిగ పెరిగిందంటే కింద మిషన్లు ఆపి మనుషులను తీసుకొచ్చేది. ఇప్పుడు ఆ గోడ కాళ్ల కింద నీళ్లున్నయి. నీళ్లు నానినంక మట్టికి పట్టు తగ్గుతది. మట్టం లేసినా దిగినా గోడ కదులుతది. జర్మనీల నాఖ్‌టర్‌ష్టెట్ అన్న ఊరున్నది. పాత లిగ్నైట్ గుంతను నీళ్లతో నింపుతున్నరు. 2009 జూలైల ఒడ్డు ఒక్కసారి జారింది. ఇండ్లు సరస్సులకు పోయినయి. ముగ్గురు చనిపోయిండ్రు. అసొంటిది మన కాడ జరిగితే నీళ్లల్ల లేసే అల ప్యానెళ్లను ఒక మూలకు కుప్ప చేస్తది. వాటి మీద పనిచేసే పిల్లగాండ్లు?

బిడ్డ: మరి సోలార్ కావాలె అంటున్నది నువ్వే గదా!

చిన్నాయిన: కావాలె. కొలిచి పెట్టాలె అంటున్న. రామగుండం రిజర్వాయర్ అడుగు సాపు. అక్కడ కాంక్రీటు దిమ్మెలు దించి తాళ్లు కట్టిండ్రు. గుంత అడుగు సాపు ఉండదు. ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి ఒక్కసారి లోతు పడుతది. దిమ్మె అంచున పడితే జారుతది, తాడు సాగుతది, మొత్తం బ్లాకు పక్కకు పోతది. గని మూసిన నాటి ప్లాను చూసి కట్టొద్దు. ఆ తర్వాత గోడ ఎంత జారిందో, అడుక్కు ఎంత మట్టి పేరిందో దాంట్ల ఉండదు. పడవల నుంచి ఎకో సౌండర్ పెట్టి అడుగంత మళ్ల కొలవాలె. ఇగ గాలి. 2019ల జపాన్ యమకురా డ్యాం మీద తుపానుకు ప్యానెళ్లు లేసి ఒకదాని మీదొకటి పడి అంటుకున్నయి. నువ్వు చెప్పిన ఓంకారేశ్వర్‌లనే 2024 ఏప్రిల్‌ల ఎండాకాలం గాలిదుమారానికి నష్టమయ్యింది. మనకు గూడ మే నెలల గాలిదుమారాలు వస్తయి.

వాదం ఇక్కడికి వచ్చాక ఇద్దరూ ఒకే వైపు నడుస్తున్నట్టు కొందరికి అనిపించవచ్చు. నాకు అలా అనిపించడం లేదు. చిన్నాయిన దగ్గర ఉన్నవి ఇంజినీరింగు షరతులు. అవి తీరితే ఆయన సరే అంటాడు. అమ్మాయిని ఇంకా వేధిస్తున్న ప్రశ్న కొలతలతో తీరేది కాదు, ఎవరిని అడిగి పెడతారన్నది ఆమె ప్రశ్న.

బిడ్డ: ఒక్క సంగతి చెప్పు చిన్నాయినా. ఓపెన్‌కాస్టు పెట్టేముందు ఏం చేసిండ్రు?

చిన్నాయిన: టెంటు ఏసి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిండ్రు. కలెక్టరాఫీసోళ్లు, పొల్యూషన్ బోర్డోళ్లు వచ్చిండ్రు. జనం మాట్లాడిండ్రు, కొందరు లొల్లి చేసిండ్రు. ఎవరేమన్నది రాసుకున్నరు.

బిడ్డ: రాసుకున్నరు. వాళ్లు విన్నరో వినలేదో తర్వాతి ముచ్చట. రాసిన కాగితం అయితే ఉన్నది. సోలార్‌కు అది గూడ ఉండదు. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ల సోలార్ ప్లాంట్లు లేవు. పర్యావరణ అనుమతి అక్కర్లేదు. అనుమతి అక్కర్లేదంటే జనాన్ని పిలిచి అడుగుడు గూడ అక్కర్లేదు. ఎడారిల, బీడు భూమిల ప్యానెళ్లు పెట్టేటందుకు ఆ మినహాయింపు బాగనే ఉండొచ్చు. ఒక ఊరిని లేపి తవ్విన గుంతల, ఆ ఊరోళ్లు పక్కనే పునరావాస కాలనీల బతుకుతుంటే, వాళ్లకు ఒక్క నోటీసు గూడ లేకుండ టెండరు పిలిస్తే, అది చట్టబద్ధమే అయితది చిన్నాయినా. న్యాయం మాత్రం కాదు.

చిన్నాయిన: అడిగితే ఏమంటరు? నౌకరీలు అడుగుతరు. సోలార్ల నౌకరీలు ఏడున్నయి? ప్యానెళ్లు కడిగేటోళ్లు, కావలోళ్లు, నలుగురు టెక్నీషియన్లు. 1990ల మొదట్ల లక్ష మంది దాటి పనిచేసిన కంపెనీల ఇయ్యాల 40 వేల దగ్గరున్నరు. జనం మనసుల ఆ లక్ష ఇంకా ఉన్నది.

బిడ్డ: నౌకరీలు రావని ముందే చెప్పాలె. ఉన్నదున్నట్టు చెప్పి, బదులుగ ఏమిస్తరో మాట్లాడాలె. అమ్మిన ప్రతి యూనిట్ మీద పంచాయతీకి ఇంత అని రాసియ్యనియ్యి. చేపల హక్కు మత్స్య సంఘానికి రాసియ్యనియ్యి. ఎండాకాలం ఊరికి ఇన్ని నీళ్లు అని రాసియ్యనియ్యి. అప్పుడు ప్యానెళ్లు ఊరి ఆస్తి లెక్క కనబడుతయి, ఊరోళ్లే కావలి గాస్తరు.

చిన్నాయిన: అన్ని షరతులు పెడితే కరెంటు ధర పెరిగి ఎవడూ ముందుకు రాడు. నేల మీద చౌకగ దొరుకుతుంటే నీళ్ల మీదికి ఎవడొస్తడు? పంప్‌డ్ స్టోరేజీతో కలిపితే కొంత గిట్టుబాటు అయితది. పొద్దంత సోలార్‌తో నీళ్లు పైకి ఎత్తి, రాత్రి కిందికి విడిచి కరెంటు తియ్యొచ్చు. కానీ అప్పుడు గుంతల మట్టం రోజు లేస్తది, దిగుతది. తాళ్లు దానికి తగ్గట్టు పొడుగుండాలె, గోడలు ఇంకా గట్టిగుండాలె. అన్నీ పైసలే.

బిడ్డ: బొగ్గు చౌకగ వచ్చిందని అన్నప్పుడు గూడ ఇట్లనే లెక్క కట్టిండ్రు. ఊరు పోయినందుకు అయిన ఖర్చు ఏ టన్ను ధరల కలిపిండ్రు? మళ్ల అదే లెక్క కడతమంటే నేను ఒప్పుకోను.

చిన్నాయిన: ఒప్పుకోకు. కానీ గుంతను అట్లనే ఇడిసిపెడితే పిల్లలు ఈతకు పోయి మునిగిపోతరు, గోడ జారుతది, ఎవడూ పట్టించుకోడు. ఏదో ఒక పని నడిస్తేనే ఆడ కావలి ఉంటది, కంచె ఉంటది, కొలతలు ఉంటయి. అందుకే నేను సోలార్ దిక్కు ఉన్న.

చిన్నాయిన చివర అన్నది కొట్టిపారేయదగ్గ మాట కాదు. పట్టించుకునేవాళ్లు లేని గుంతే అన్నిటికంటే ప్రమాదం. అయినా నా ఓటు అమ్మాయికే. పాత గుంతల మీద సోలార్ రావాలి, కానీ దాన్ని కొత్త ప్రాజెక్టుగా చూడకూడదు. అది గని మూసివేతలో భాగంగా, ఆ ప్రణాళికను గ్రామసభ ముందు పెట్టి మాట్లాడాకే రావాలి. నీటి పైభాగంలో ఎంత కప్పొచ్చు, ఒడ్డు నుంచి ఎంత దూరం వదలాలి అన్నవి జర్మనీలో లాగా మన చట్టంలోనే అంకెలతో ఉండాలి. ఒక్కో టెండరుకు ఒక్కో అంకె కుదరదు. ఒడ్డు స్థిరత్వం మీద, అడుగు లోతు మీద కొత్త సర్వే లేకుండా ఒక్క దిమ్మె కూడా నీళ్లలో దించకూడదు. సోలార్‌కు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదన్న మినహాయింపు, మనుషులను ఖాళీ చేయించి తవ్విన గుంతలకు వర్తించకూడదు.

కోల్‌బెల్ట్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట. మీ ఊరి పక్క ఓపెన్‌కాస్టుకి ఆమోదం పొందిన మూసివేత ప్రణాళిక ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి దాని కాపీ తెప్పించుకోండి. చివర్లో మిగిలే గుంత గురించి, అందులోని నీళ్ల గురించి దాంట్లో ఏం రాశారో చదవండి. టెండరు ప్రకటన రాకముందే ఆ పేజీలను గ్రామసభలో అందరికీ చదివి వినిపించండి.